దగ్గు దిండు

సున్నా నుంచి పదికి నొప్పి ఎంత అని
పొద్దుకు మూడుసార్లు అడుగుతాది సిస్టర్ సువార్త.
నాకు నొప్పి అంకెల్లో తెలీదు తల్లీ.
ఆదోనిలో దూది ఏకి బతికినోణ్ణి,
తూకంలో అయితే చెప్తా.
రాత్రి తుమ్మొచ్చినప్పుడు
లారీడు బేళ్లు రొమ్ము మీద దింపినట్టుండె.
రాసుకో, ఎంతేస్తావో.

ఆమె నవ్వలేదు.
తొమ్మిది అని రాసుకొని పోయింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో
రొమ్ము ఎముకను నిలువునా చీల్చి
మళ్ళీ ఉక్కుతీగతో కుట్టినారంట.
మా నాయన ఏకే విల్లుకు మేక నరం కట్టేవాడు.
దస్తా పెట్టి కొడితే తుంయ్‌మని మోగి
గడ్డకట్టిన దూది పొగ మాదిరి లేచేది.
ఇప్పుడు నా లోపలా తీగ ఉండాది.
మోగదు.
దగ్గు వస్తే మాత్రం దస్తా దెబ్బ
నేరుగా దాని మీదే పడతాది.

అందుకే దగ్గకుండా ఉంటి.
మూడు గోలీల డబ్బా ఇచ్చి ఊపిరి పీల్చమంటారు.
ఒక గోలీ లేస్తాది, రెండోది వణుకుతాది,
మూడోది అలిగిన అల్లుడు. కదల్దు.

రసూలమ్మ ఎదురుగా ఉంటే "రెండు" అంటా.
ఆమె నీళ్ళకు పోయినప్పుడు "ఏడు".
సువార్త కనిపెట్టేసింది.
"ఏం హుసేనప్పా, నొప్పి దాచిపెడితే వడ్డీ వస్తాదా?
నొస్తాదని దగ్గవు, దగ్గకపోతే కఫం లోపలే గడ్డకడతాది.
ఈ మాత్ర ఊరికే ఇయ్యట్లేదు.
నువ్వు దగ్గేదానికి కూలి అనుకో."

గడ్డకట్టేది అంటే ఏందో
నాకు ఇంకొకరు చెప్పాల్నా?

దగ్గేటప్పుడు కరుచుకోమని ఒక దిండు ఇచ్చినారు.
ఫోముది. పట్టుకుంటే బన్ను మాదిరి లోపలికి పోతాది.
మా అంగడి మూయించింది ఇదే.
ఇంటికి పోయే దారిలో, గోనెగండ్ల దాటినంక
ప్రతి స్పీడ్ బ్రేకరుకూ
దాన్నే కావలించుకుంటి.
ఏం చేస్తాం.

రెండు కేజీలకు మించి ఎత్తకూడదు నేను.
గోడకున్న విల్లు రసూలమ్మ దించింది.
నలభై ఏండ్లు గలీబులు కుట్టింది గానీ
విల్లు ముట్టింది లేదు.
దూది దుమ్ము తగలకూడదని
నన్ను వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి
తలుపు మూసి మొదలుపెట్టింది.
నాకు ఏమీ కనపడదు. సప్పుడొకటే.
తప్పు. మళ్ళీ తప్పు.
"నరం వదులుగా ఉండాది, బిగించు!"
అని గట్టిగా అరవబోతే
రొమ్ము పట్టుకుంది.
పక్కింటి పిల్లోణ్ణి పిలిచి
వాని నోట చెప్పించినా.
మెత్తగా చేయొద్దని చెప్పు రా,
అది నిద్రపోయే దిండు కాదు,
కూరి కూరి గట్టిగా చేయమను.
వాడు సగమే చెప్పి ఆటకు పోయినాడు.

సాయంత్రానికి వచ్చింది దిండు.
ఒక మూల ఎత్తు, ఒక మూల పల్లం.
మా నాయన చూసింటే ఇప్పి మళ్ళీ ఏకమనేవాడు.
రొమ్ముకు అదుముకొని దగ్గితి.
నొచ్చింది. నొచ్చింది గానీ
లోపలిది పెగిలి బయటికొచ్చింది.

ఆమెకు చదువు రాదు.
పొద్దుటి మాత్రల అట్టకు ఎర్ర దారం,
రాత్రి అట్టకు నల్ల దారం కట్టింది.
నొప్పి రాకముందే మింగాలంట,
ముదిరినాక మింగితే
ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టేనంట.
రాత్రి రెండున్నరకు
కాలి మీద నరం తీసిన గాటు చిటచిటమంటాది,
వీపు వెల్లకిలా పండుకోలేనంటాది,
పక్కకు తిరగనీదు రొమ్ము.
కళ్ళు మూసుకొని మెదలకుండా ఉంటా.

"ఎంత?" అనింది చీకట్లో.
సువార్త అడిగినట్టే, అదే గొంతు పెట్టి.

రెండు అనబోయి
దిండు మీద ఎత్తుపల్లాలు తడుముతా
"ఆరు" అంటి.

లేచి లైటేసింది.