మూడో పేపరు

నా మూడో పేపరు పద్దెనిమిదో శతాబ్దం.
ఒంగోల్లో జిరాక్స్ తీయించుకొచ్చిన ఏడొందల పేజీలు,
స్పైరల్ తీగ అప్పుడే ఊడి
బస్సెక్కినప్పుడల్లా చున్నీని పట్టుకుంటుంది.

ఆ పాత అచ్చులో ఎస్ అక్షరం ఎఫ్ లాగా ఉంటుంది.
మొదటి వారమంతా నేను
సోల్ అని ఉన్నచోటల్లా ఫౌల్ అని చదివాను.
ఏసుపాదం సార్ నవ్వలేదు.
"అక్షరం తప్పు కాదమ్మా, కన్నుకు అలవాటు కావాలి" అన్నాడు.
క్లాసులో నలుగురం. ఐదో కుర్చీలో సార్ గొడుగు.

ఆ రోజు సార్ చెప్పాడు:
పుట్టినప్పుడు మనిషి మనసు ఏమీ రాయని పలక అని
ఆ కాలం వాళ్ళు గట్టిగా నమ్మారట.
మొదట తెల్లకాగితమనే అన్నారట,
జనం నోట్లో నాని నాని అది పలకయింది.
నోట్సులో పలక కింద రెండు గీతలు గీశాను.
మూడోది గీయబోతే పెన్ను ఆగింది.
మార్కాపురంలో ఆ మాటను
చెవులకన్నా ముందు గోళ్ళు వింటాయి.

రాత్రి అమ్మకు చెప్పాను.
తర్లుపాడు రోడ్డు ఫ్యాక్టరీలో
ముప్పై రెండేళ్ళుగా రాయి చీలుస్తున్న మనిషి.
"రాయని పలకా?" అంది. "ఏ గనిదంట?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.
"రాయి పొరలు పొరలుగా ఉంటదే.
ఉలి ఏ అంచున ఆనించాలో చూడకుండా కొడితే
పలకా రాదు, పెంకూ రాదు.
పసుపు చార ఉన్నదాని మీద బలపం జారుద్ది.
నున్నగా నల్లగా ఉన్నది కూడా
నా చేతికొచ్చేలోపు ఎన్ని దెబ్బలు తిన్నదో
అఆలు దిద్దేటప్పుడు నువ్వు అడిగావా?"

అడగలేదు.

అప్పట్లో పుస్తకం పేరంటే ఒక పేజీ అంతా.
పుట్టుక, పెంపకం, పడిన పాట్లు, చేసిన తప్పులు,
చివరికెట్టా ఒడ్డున పడిందీ
అన్నీ ముందే చెప్పేసి
లోపల మళ్ళీ మొదటికొస్తారు.
అసైన్‌మెంటు కాగితం వెనక నేనూ ఒకటి రాశాను:

మార్కాపురం వాస్తవ్యురాలగు
దూదేకుల హుసేనమ్మ యొక్క యథార్థ చరిత్ర.
ఇందు ఆమె పదకొండవ ఏట బడి మాని
బడిపిల్లలకు పలకలు చేయుట,
రెండు మార్లు ఉలి జారినను బొటనవ్రేలు దక్కుట,
పలకలు కొనువారు తగ్గి యజమాని
పరదేశపు గోడలకు డిజైను రాళ్ళు కోయించుట,
ఎవరికిని చెప్పని దగ్గు,
ఒక్క కుమార్తెను ఎం.ఏ.లో చేర్చుట మొదలగునవి గలవు.
ఆమె చెప్పగా వ్రాయబడినది.

చివరి వాక్యం అబద్ధం. ఆమె ఏమీ చెప్పలేదు.
ఆ నవలల్లోనూ ఇదే వరస,
కట్టుకథ చేతిలో పెట్టి
పాత పెట్టెలో దొరికిన కాగితాలని ఒట్టేస్తాయి.

ఇప్పుడు చదువుతున్నది ఉత్తరాల నవల.
ఒక పనిపిల్ల, ఒక కొవ్వొత్తి,
తలుపుకు అవతల ఆగిన అడుగులు.
తెలుగు చేసి వినిపిస్తుంటే అమ్మ ఆపింది.
"రాత్రంతా రాస్తే పొద్దున్నే అంట్లు తోమిందెవరు?"
నేను పేజీ వెనక్కి తిప్పాను.
"అంత కాగితం ఎవరిచ్చారు? జీతంలో కోసుకున్నారా?"
సార్ ఇచ్చిన పదహారు వ్యాసాల్లో
యజమాని మనసు గురించే నాలుగున్నాయి,
కాగితం ఖరీదు ఒక్కదాన్లోనూ లేదు.

ఇంటికి తెచ్చుకున్న పలకలు తడిపి
వరసగా గోడకానించింది.
ఆరేటప్పుడు చూడాలంటుంది.
రాయంతా తెల్లబడ్డాక కూడా
పగులున్నచోట సన్నటి తడిగీత ఉండిపోద్దట, వెంట్రుకంత.
వేలు పెట్టి చూపించింది.
నాకు కనపడలేదు.
"అలవాటు కావాల్లే" అంది,
సార్ ఎవరో తెలియకుండానే సార్ మాట.

ఆరోదాన్ని తీసి పక్కన పెట్టింది. దగ్గింది.
"ఆ పిల్ల ఉత్తరం ఇంతకీ చేరిందా?"
ఇంకా మూడొందల పేజీలుందమ్మా.
"అయితే చదువు.
ఫ్రేము చెక్కలు కొట్టుకుంటా వింటా."