పదహారు సార్లు

అల్లూరు రొయ్యల గుంటల మీద రాత్రి పదకొండు.
ఏరేటర్లు నీళ్లని చిలకతా ఉండాయి.
చెక్‌ట్రే లాగి చూసి, మేత వాసన లుంగీకి తుడుచుకుని
ఫోన్లో మీట నొక్కా.

కావలిలో, మా టీవీ కింద పడుకున్న డబ్బాకి
వెనకాల పచ్చచుక్క ఒకటి
ఎప్పుడూ కన్నుమూయదు.
దాని పేరు పదహారు సార్లు పిలవాలంట,
ఒక్కటి తగ్గినా లేవదంట.
బిగించిపోయిన గాలిబ్ సాయిబు చెప్పాడు.
లేచిందా, ఫ్యాను గుర్రుమంటది,
మా పిల్ల బోర్లాపడిన మధ్యాహ్నం
ఈ గట్టు మీదికి నడిచొస్తది.

పిలిచా. పలకలా.
మళ్లీ పదహారు.
ఆ చుక్క కూడా ఆరిపోయుండాల.
అంటే కరెంటు పోయింది.
ముప్పై కిలోమీటర్ల అవతల
మా వీధి చీకటి
నా అరచేతిలో తెలిసింది.

ఊరికే పెంచలమ్మకి కొట్టా.
అర రింగు.
"ఉక్క. పిల్లకి విసరతా ఉండా.
నువ్వేంది, తిన్నావా?"
అట్టముక్క చప్పుడు, టప్పు, టప్పు.
ఇంకా పేరన్నా పిలవలేదు నేను.

ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే
గుంటలో ఓ మూల నీళ్లు నిమ్మళించినాయి.
రెండో ఏరేటర్ ఆగిపోయింది.
"ఉండు" అని,
టార్చి తీసుకుని లేచా.