క్యాన్సిల్ చెక్కు

మా కంపెనీ రాసిన మొదటి చెక్కు
ఎవ్వరికీ రూపాయి ఇయ్యలే.
కొత్త చెక్‌బుక్కు వాసన పోకముందే
అడ్డంగ రెండు గీతలు గొట్టి
నడుమ క్యాన్సిల్ అని రాయమన్నడు
ఆడిటరు కాడి పిల్లగాడు.
నాకు చెయ్యాడలే.
బోణీ గాకముందే కొట్టివేతనా అని
జులేఖా మొఖం చూసిన.
ఆమె పెన్ను గుంజుకొని సర్రున గీసింది,
జాకెట్ గుడ్డ మీద సుద్ద గీసినట్టు.

ఫతేనగర్‌ల పట్టాల పక్క సందు.
రేకుల షెడ్డు, రెండు లేత్ మిషన్లు.
పాత కంపెనీ మూతవడ్డప్పుడు
ఇరవై రెండు నెలల జీతం కింద
తూకమేసి ఇచ్చిన ఇనుము.
వాటి మీద ఇత్తడి తిప్పి
కుట్టుమిషన్ బుష్షులు జేస్తం.
నేను తిప్పుత, జులేఖా గేజు వెట్టి చూస్తది.
రైలు పోయేటప్పుడు షెడ్డు వణుకుతది,
అప్పుడు చేతులు ఆపుతం.
వెంట్రుక మందం తేడా వచ్చినా
బుష్షును తుక్కు డబ్బాల ఏస్తం.
ఆఫీసుల,
పేరుల రెండక్షరాలు తేడా వచ్చినయని
నన్నే పక్కకేసిండ్రు.

ఆధార్‌ల అండాలు.
పాన్ కార్డుల ఆండాళమ్మ.
కరెంటు బిల్లు మీద ఇంకా
చచ్చిపోయిన షెడ్డు ఓనరు ఈరయ్య సేటు.
"ఈ ముగ్గురిల మీరెవరమ్మా?"
కౌంటర్ల మేడం వెక్కిరించలే పాపం,
నిజంగనే అడిగింది.
నేను గూడ నిజంగనే
జరసేపు సోంచాయించిన.

ట్రేడ్ లైసెన్సుకు షెడ్డు కొలిస్తె సాలదట,
ముంగట రోడ్డు ఎడల్పు గూడ గావాల్నట.
టేపు వట్టుకొని వచ్చిండు మున్సిపాలిటీ ఆయన.
ముప్పై ఏండ్లసంది ఉన్నం,
ఈ సందునెవ్వడు కొలవలే.
ఒక కొస నేను వట్టుకున్న.
రెండో కొస యాడ వెట్టాల్నో తెల్వక నిలవడ్డడు:
మోరీకి ఇవతలనా, అవతలనా,
దస్తగీర్ మేకల కొట్టం కాడనా?
మేక ఒకటి టేపు నమలవట్టింది.
ఆఖరికి పదకొండు అడుగులని రాసిండు.
"మన గల్లీ పదకొండు అడుగులంట!"
పొద్దుమూకేదాక ఆ మాట
గడప గడప తిరిగింది.

బోర్డు ఫోటో గావాలన్నరు. బోర్డేది?
పాత క్యారంబోర్డు ఎనక రాపించినం.
పెయింటరు జులేఖా అని దొడ్డుగ రాసేసిండు,
నా పేరుకు జాగ సాలలే.
సిటీ బస్సుల ఇద్దరి సీట్ల
మూడో మనిషి ఇరికినట్టు
కొసకు కూసున్నది అండాలు.

జీఎస్టీ ఫారం సరుకు పేరడిగింది.
బుష్షు అన్నం.
పేరు గాదు చాచీ, నంబరు, అన్నడు నెట్ సెంటర్ పిల్లగాడు.
చీపురుకొకటి, చింతపండుకొకటి, ఓడకొకటి,
లోకంల ప్రతి వస్తువుకూ ఉంటదంట.
వేలిగోరంత లేని మా బుష్షు
ఎనిమిది అంకెలు మోస్తదని అప్పుడు తెలిసింది.
ఓటీపీ వచ్చేటాళ్లకు కరెంటు వోయింది.
మల్లా మొదటికెల్లి.

ఆర్డరు దారుస్సలాం నుంచని చెప్తె
మా మరిది నవ్విండు.
"ఆటోల ఏస్కపోయి గంటల ఇచ్చొస్త,
గీ మాత్రానికి ఎక్స్‌పోర్ట్ లైసెన్సా?"
నాంపల్లి దాటినంక వచ్చేది గాదురా,
సముద్రం దాటినంక వచ్చేది.
వాడు సముద్రాన్ని చూడలే.
మేము మాత్రం చూసినమా?

మూడు నెలలకు,
రాత్రి పదకొండింటికి, ఫోను గుర్రుమన్నది.
కోడు వచ్చింది.
అద్దాలు వెట్టుకొని చదివి జులేఖా అన్నది,
"అగో, ఇది మన కంపెనీ పాన్ నంబరే గదనే!"
పది అక్షరాలు. ఒక్కటి గూడ మారలే.
దీని కోసమా
ఇన్ని మెట్లెక్కింది?
మస్తు నవ్వినం.
నవ్వి నవ్వి నాకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయి,
ఎందుకో ఇంకా ఆగలే.

తెల్లారి షెడ్డు తీసేసరికి
లేత్ ఎడమ కాలు కింద
నాలుగు మడతలు వెట్టిన కాగితం.
గీతలు గొట్టిన ఆ చెక్కు.
"దేనికో దానికి పనికిరావాలె గదా" అన్నది
తల ఎత్తకుండనే.

పన్నెండు కిలోల పెట్టె
మూతకు మేకులు కొడుతున్నం.
లింగంపల్లి రైలొచ్చింది.
అలవాటుగ చేతులు ఆపినం.
మూత కింద, పొట్టు నడుమ,
ఇత్తడి బుష్షులు సన్నగ మోగినయి.