తుమ్ము ఆపుకున్నంత సేపు

మిర్చి యార్డు నుంచి వచ్చిన కాటా.
మూత విప్పగానే ఘాటు.
సున్నా దగ్గర నిలబడదట,
ఖాళీ పళ్ళెం మీద నాలుగొందల గ్రాములట.
"ఎవరి నాలుగొందలో" అన్నాడు యేసుపాదం, తలెత్తకుండా.

ఫ్యాన్ ఆపించాడు. గుంటూరు మే నెల
షట్టర్ కింద నుంచి పాక్కుంటూ వచ్చింది.
నువ్వుగింజలో సగం లేదు ఆ కెపాసిటర్;
మీటరు ముల్లు దాని ముందు గునపం.
అందుకే ముల్లుకి కుట్టుసూది కట్టాడు.
రెండో కొసకి, పాత ట్రాన్స్‌ఫార్మర్‌ విప్పిన రాగి పోగు,
వెంట్రుకకి అన్న, దారానికి తమ్ముడు.
కొన గీకి, సీసం చుక్క తాకించి,
మెడ దగ్గర టేపు వేశాడు.
"లాగావంటే పుండు మీద పక్కులా
రేకు లేచొస్తుంది."

సూది నా చేతికొచ్చింది.
నా నాడి కొట్టుకోవడం
దాని కొనన చూశాను.

మూడు పాయింట్ మూడు ఉండాల్సిన చోట
రెండు పాయింట్ ఒకటి.
అప్పుడే ముక్కులో మిరప.
భుజానికి ముక్కు అదిమాను,
కళ్ళ నిండా నీళ్ళు,
అంకె కదల్లేదు.

మెట్టు మీంచి హమాలీ కోటయ్య కేకేశాడు:
"దొరికిందా?"
యేసుపాదం పెదాల మీద వేలుంచాడు,
దొంగ ఇంకా
నిద్ర లేవలేదన్నట్టు.