తాడు పొడవంత సముద్రం

ఫకీ తాత మొదటే చెప్పాడు:
నిండు చంద్రుడి వారం వద్దు,
పొద్దున పదింటికల్లా నీళ్లన్నీ వెళ్లిపోయి
పడవ పక్కకి ఒరిగి ఇసకలో పడుకుంటుంది.
సగం చంద్రుణ్ణి చూసుకో,
అప్పుడు ఆటూ నెమ్మదే, పోటూ నెమ్మదే,
నీళ్లు పొద్దున్నే గట్టుదాకా వచ్చి
చుట్టంలా నిలబడతాయి.

ఆసుపత్రిలో మందుల చీటీల వెనక రాసుకున్నాను:
ఉడికించిన కర్రపెండలం.
నారింజలు, ఇంటిదగ్గరే ఒలిచినవి, పడవలో కత్తి వద్దు.
మంచినీళ్లు మూడు సీసాలు,
నాలుగోది ఎవరికీ చెప్పకుండా.
పొడి బట్టలు. మళ్లీ పొడి బట్టలు.
చాకే చాకే పట్నంలో అడిగి తెచ్చిన
పిల్లల సైజు లైఫ్ జాకెట్లు మూడు,
ఒకదానికి బకిల్ లేదు,
పాత కంగా గుడ్డ చింపి
రెండు రాత్రులు పట్టీ కుట్టాను.

ఎంతసేపు తిప్పాలి తాతా అంటే
గడ్డం గోక్కుంటూ లెక్క చెప్పాడు:
"అందరికన్నా చిన్నది ఎంతసేపు ఓర్చుకుంటుంది?
అందులో సగం తీసెయ్.
మిగిలినదాంట్లో వెళ్లడం సగం, రావడం సగం.
రావడం కూడా ప్రయాణమేనమ్మా,
పిల్లలున్నవాళ్లు అది మర్చిపోతారు."

ఈ పెంబా దీవిలో పడవంటే
వలకి, లవంగాల బస్తాలకి, పురిటికి, శవానికి.
ఊరికే ఎక్కుతామని అడిగిన మొదటిదాన్ని
నేనేనేమో.
మా అత్త మీజే నవ్వింది,
"ఏం తేవడానికి?"
ఏమీ తేవడానికి కాదు.
"ఎవర్ని దింపడానికి?"
ఎవర్నీ కాదు.
అయితే పిచ్చే, అని
కొబ్బరి రొట్టెలు రెండు ఎక్కువ కాల్చింది.

శనివారం. గాలి ఇంకా లేవలేదు.
రోడ్డు పక్క చాపల మీద
లవంగాలు అప్పుడే ఘాటెక్కుతున్నాయి.
రెండు పక్కలా తేలుడు కర్రలున్న
మామిడిమాను పడవ.
హాజీ పరుగున వెళ్లి ముందు కూర్చున్నాడు.
జువేనాని నా వీపుకి కట్టుకున్నాను.
సుబీరా మోకాల్లోతు నీళ్లలో ఆగిపోయింది.
రాను.
నారింజ చూపించాను. రాను.
అన్న వెక్కిరించాడు.
ఇప్పుడసలు రాను.

నాలుగేళ్ల కిందట ఇదే పడవలో,
ఇదే ఫకీ తాత తల తిప్పకుండా తెడ్డేస్తూ
తెరచాప తీసి నా మీదికి విసిరితే,
అవతలి గట్టున ఆసుపత్రి దీపం
ఇంకా మిణుగురంతే ఉండగా
పుట్టింది ఇది.
సుబీరా అంటే మా భాషలో ఓర్పు.
గట్టుదాకా ఓర్చుకోలేదని
ఆ పేరు పెట్టాం.
నీళ్ల మీద పుట్టిన పిల్ల
నీళ్లని చూసి ఏడుస్తోంది.
నా చీటీలో దీనికి మందు లేదు.

ఫకీ తాత ఏమీ అనలేదు.
తెరచాప చుట్టేశాడు.
తాడు ఒక కొస పడవకి, ఒక కొస కొబ్బరి మొద్దుకి కట్టి
నడుమ ఉన్నదంతా సుబీరా చేతుల్లో పెట్టాడు.
"పడవ నీది.
వదిలినంత వెళ్తాం,
లాగితే వచ్చేస్తాం."

జానెడు వదిలింది. లాగేసింది.
మూరెడు వదిలింది.
పడవలో హాజీ కెవ్వుమన్నాడు, సంతోషానికే,
భయమేసి మళ్లీ లాగేసింది.
తర్వాత ఒక బార.
తర్వాత రెండు.
ఇసక తిన్నెకి వెళ్లిరావాల్సిన పూట
అక్కడికక్కడే గడిచిపోతోంది,
కర్రపెండలం ముక్కలు చల్లారిపోయాయి,
జువేనా నా భుజం మీద చొల్లు కారుస్తూ నిద్రపోయింది.

ఎప్పుడనుకుందో ఏమో,
తాడు తెచ్చి నా చేతిలో కుక్కింది.
"నువ్వు పట్టుకో. గట్టిగా."
జాకెట్ పట్టీ తనే లాగి చూసుకుంది,
తాత చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది.

అన్నీ రాసుకున్నదాన్ని
నేనొక్కదాన్నే గట్టున మిగిలాను,
తడిసిన తాడూ, నిద్రపోయిన పిల్లా,
ఎవరికీ చెప్పని నాలుగో నీళ్ల సీసాతో.

పది బారల దూరంలో
పిల్లలిద్దరూ నీళ్లలోకి వంగి
ఏదో చూపించుకుంటున్నారు, నాకు కనబడదు.
"ఇంకొంచెం వదులమ్మా!"
తాడు అయిపోయింది.
చెయ్యి చాపి
నీళ్లలోకి ఇంకో అడుగు వేశాను.