చలవరాయి

బరంపురంలో, అప్పడాల దాలమ్మ పిన్ని ఇంట్లో
వంకర కాళ్ళ ఫ్రెంచి బల్ల.
జమీ వేలంలో వాళ్ళ మామ
పాతిక రూపాయలకు పాడుకున్నాడట.
పైన బూడిదరంగు రాయి,
గంజిలో చింతపండు పులుసు ఒలికినట్టు
ఎర్రటి చారలు.

మే నెల మధ్యాహ్నం ఊరంతా పెనం.
రాయి మాత్రం
ఏ దేశపు చలినో ఇంకా మరిచిపోలేదు.
మినప్పిండి అంటదు.
జ్వరమొస్తే నన్నొకసారి
చీర పరిచి దానిమీదే పడుకోబెట్టింది.
వీపుకి ఇప్పటికీ గుర్తే.
ఓ మూల గుండ్రటి మచ్చ,
ఏ దొరసాని నిమ్మరసం గ్లాసుదో,
ఎంత తోమినా పోదు.

కలకత్తా నుంచి కుందూ బాబు వచ్చాడు.
ఇత్తడి పువ్వుల్ని గోటితో గీకి,
రాయిని ఎత్తించి బోర్లించాడు.
అడుగున నునుపు లేదు.
ఉలి దెబ్బలు, దున్ని వదిలేసిన చాళ్ళలా.
"అసలుదని ఇదే గుర్తు" అన్నాడు.

పిన్ని ఆ గరుకుమీద అరచెయ్యి ఆనించింది.
"ఇన్నేళ్ళూ నాకు మొకమే చూపించేవేటి" అంది,
రాయితోనే.

రాయి లేకపోతే సగం ధరే అన్నాడు.
సగమే ఇయ్యమంది.

కాళ్ళూ సొరుగులూ లారీ ఎక్కాయి.
రాయి ఇప్పుడు రెండు వరసల ఇటుకల మీద.
కూచుని ఒత్తుకోడానికి
నడుముకి ఇదే సుఖమట.