ముప్పై ఏడో పేజీ

కాశీబుగ్గ శాఖా గ్రంథాలయంలో
పేపర్ల బల్ల మీద ఒక్క ట్యూబులైటే సరిగ్గా వెలుగుతుంది.
ఆదివారం నాలుగయ్యేసరికి
జీడిబట్టీల నుంచి వాళ్ళు ఆ లైటు కోసమే వస్తారు.
చదవడానికి కాదు,
మాట్లాడుకోవడానికి.

మొదట్లో నాకు చిరాకు.
పింఛను మాస్టారొకాయన పేపరు దించి
"ఏటయ్యా కళ్ళకి ఈ గోల!" అన్నాడు.
నిజమే, గోలే.
కూర్మారావు వాళ్ళ మేస్త్రీ నడకని వేళ్ళతో నడిపిస్తే
బెంచీ మొత్తం భుజాలతో నవ్వింది.
గోడ మీద 'నిశ్శబ్దం' బోర్డు
ఎవరిని మందలించాలో తెలీక వేలాడింది.

మూడో నెలలో నాకు పేరు పెట్టారు:
జారిన కళ్ళజోడుని
చూపుడువేలితో ముక్కు మీదికి తోసినట్టు.
ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో
ఏ రిజిస్టరులోనూ లేని నా పేరు.
ఇంటికెళ్ళి అద్దం ముందు రెండుసార్లు
నన్ను నేనే పిలుచుకున్నాను.

దాలమ్మ మాత్రం పుస్తకం అడిగింది.
కన్ను చూపించి, అరచేతులు రెండూ విప్పి.
వైద్యం అల్మారాలో చెద వదిలిపెట్టినది ఒకటుంది,
కనుగుడ్డుని అడ్డంగా కోసిన బొమ్మ,
రంగులు గీతలు దాటి జారిపోయిన అచ్చు.
ఆమె చదువు అయిదుతో ఆగింది.
బొమ్మల్ని బొటనవేలితో చదివేది.
అయిదుసార్లు గడువు పొడిగించి ముద్ర కొట్టాను.
ఎందుకని అడగలేదు,
అడిగేంత భాష అప్పటికి నా చేతులకి రాలేదు.

ముప్పై ఏడో పేజీలో
ఒక ఇంటూ గుర్తు, నాలుగు వేళ్ళ అవతల ఒక నల్లచుక్క.
ఎడమకన్ను మూసి, గుర్తునే చూస్తూ,
పేజీని మెల్లగా మొహం దగ్గరికి తెచ్చుకుంటే
ఒకచోట చుక్క మాయం.
అంధచుక్క. ప్రతి కంట్లోనూ ఉంటుందట,
వెలుగు పడినా చూడని చోటు.

ఆ వేళ బల్ల చుట్టూ పదకొండుమంది
ఒంటికన్ను మూసుకుని వరస కట్టారు.
చుక్క పోగానే తవిటమ్మ కొడుకు బల్ల గుద్దాడు.
దాలమ్మకి మూసే పని లేదు,
ఎడమది చిన్నప్పుడే జీడి చింది పోయింది.
చూసింది. నవ్వలేదు.
చుక్కని చూపించింది, తనని చూపించింది.
తర్వాత గాలిలో ఒక పందిరి వేసింది,
విస్తళ్ళు పరిచింది, వరసగా కదిలే నోళ్ళు పెట్టింది,
ఆ నోళ్ళ మధ్యన ఒక వేలు నిలబెట్టింది.
వేలు ముడిచేసింది.

మా మేనత్త కొడుకు దుర్వాసులు గుర్తొచ్చాడు.
వాడితో ఎప్పుడైనా మాట్లాడానా అని కాదు,
వాడికి చేతుల్లో ఒక పేరుండేదా అని.

పలాస కంటి శిబిరంలో
డాక్టరు మాస్కులోంచి అడిగాడట, పేరేంటమ్మా అని.
మాస్కు మాస్కులాగే ఉంది.
కుడికంటికి శుక్లం తీసి కట్టు కట్టారు.
ఆ రాత్రి దాలమ్మకి లోకం రెండువైపులా మూసేసుకుంది.
తవిటమ్మ మంచం పట్టె మీద కూర్చుని
తన మణికట్లు ఆమెకి పట్టించి
తెల్లారేదాకా సంగతులు చెప్పింది:
కొత్త కూలిరేటు, మేస్త్రీకి దురద,
సముద్రం వైపు మబ్బు.
మధ్యలో ఒకచోట దాలమ్మ పగలబడి నవ్విందట.
ఆ ముక్క ఏమిటో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు.

పుస్తకం ఇరవైమూడు రోజులు ఆలస్యంగా తిరిగొచ్చింది.
జరిమానా పదకొండున్నర. వద్దన్నాను.
లెక్కపెట్టి ఇచ్చింది, రశీదు అడిగింది.
రశీదు కింద నా సంతకం కూడబలుక్కుని చదివి
మూతి విరిచింది.
ముక్కు మీద లేని కళ్ళజోడు పైకి తోసింది,
ఇదీ నీ పేరు అన్నట్టు.

అందరూ వెళ్ళాక
ముప్పై ఏడో పేజీ తెరిచాను.
చుక్క పక్కనే ఆమె బొటనవేలి ముద్ర,
జీడిమరక.
ఎడమకన్ను మూశాను.
పేజీ దగ్గరికి తెచ్చుకున్నాను.
చుక్క పోయింది.
మరక పోలేదు.